అటక మీద మూగబోయిన టేపురికార్డరు

మా ఊరి పేరులోనే తుక్కు ఉన్నదని పట్నంలోని బంధువులు నవ్వుతుంటారు. తుక్కుగూడ వాళ్లు తుక్కు పోగుచేయకపోతే ఇంకెవరు పోగుచేస్తారని వారి హాస్యం. ఆ మాటకు మేము నొచ్చుకోము. ఎందుకంటే కొన్ని సంవత్సరాలుగా మా ఇంటిల్లిపాదికీ అదే సరదా అయింది. ఇతరులు తూకానికి అమ్మివేసిన పాత టేపురికార్డర్లను తెచ్చుకొని, తుడిచి, బాగుచేసి, మళ్లీ పలికించడం మా సాయంకాలపు పని.

మేము పోగుచేసేది అన్ని రకాలూ కాదు. రేడియో, కేసెట్టు, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండి, పైన చేత్తో పట్టుకునే పిడి, వెనుక బ్యాటరీల గూడు ఉన్న రకం మాత్రమే. మన ఇళ్లలో దానిని టూ-ఇన్-వన్ అనేవారము. అమెరికాలో బూమ్‌బాక్స్ అన్నారు. ఈ పత్రిక చదివే చాలా కుటుంబాలలో ఇప్పటికీ అటక మీదనో, ధాన్యం బస్తాల వెనుకనో అలాంటిది ఒకటి గుడ్డ కప్పుకొని ఉంటుంది.

"ఫోనులో లోకమంతా వినబడుతుంటే ఈ పాత డబ్బా ఎందుకు?" అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్నే. ఫోనులో లేనిది ఒకటున్నది. ఆ పెట్టె పక్కనే చెప్పుల డబ్బాలో పడివున్న కేసెట్లలో మన పెద్దల గొంతులున్నాయి. యంత్రం పలికితేనే అవి పలుకుతాయి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఈ పెట్టె ఎక్కడ పుట్టింది?

కేసెట్టును తయారుచేసింది హాలెండుకు చెందిన ఫిలిప్స్ కంపెనీ. లూ ఒట్టెన్స్ అనే ఇంజనీరు, ఆయన బృందం దానిని రూపొందించారు. 1963లో బెర్లిన్ నగరంలో జరిగిన రేడియో ప్రదర్శనలో అది మొదటిసారి జనానికి కనబడింది. జేబులో పట్టేటంత చిన్నదిగా ఉండాలని ఒట్టెన్స్ పట్టుబట్టి, ఒక చెక్కముక్కను ఆ కొలతకు కోయించి జేబులో పెట్టుకొని చూసుకున్నాడు. ఆయన 2021లో, 94వ ఏట కన్నుమూశాడు. కొలతలు మార్చకుండా చేసేటట్లయితే రుసుము లేకుండానే కేసెట్లు తయారుచేసుకోవచ్చునని ఫిలిప్స్ ఇతర కంపెనీలకు అనుమతినిచ్చింది. అందుకే జపానులో చేసిన కేసెట్టు మన పల్లెలోని సెట్టులోనూ అమరింది.

1966లో ఫిలిప్స్ వారే రేడియోను, కేసెట్టు రికార్డరును ఒకే పెట్టెలో కూర్చారు. తరువాత 1970లలో జపాను కంపెనీలు ఆ పెట్టెకు రెండు స్పీకర్లు పెట్టి, స్టీరియో చేసి, లోకమంతటా అమ్మాయి. సోనీ, శాన్యో, షార్ప్, జేవీసీ, హిటాచీ, ఐవా, నేషనల్ పానసోనిక్ అనే పేర్లు మన పెద్దలకు బాగా తెలిసినవే. న్యూయార్కు నగరంలో బీద నల్లజాతి యువకులు వాటిని భుజాన పెట్టుకొని వీధుల్లో పాటలు వినిపించేవారు. హిప్-హాప్ అనే సంగీతం పెరగడానికి ఆ పెట్టెలు తోడ్పడ్డాయి. అందుకే వాషింగ్టనులో ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్ర కోసం కట్టిన జాతీయ మ్యూజియంలో బూమ్‌బాక్స్‌లను కూడా భద్రపరిచారు. అక్కడ మ్యూజియంలో దాచిన వస్తువును ఇక్కడ మనం కిలోల లెక్కన అమ్ముకొంటున్నాము.

మన ఇళ్లకు అది ఎలా వచ్చింది?

మన జిల్లాల్లో టూ-ఇన్-వన్ అంటే ముందుగా గుర్తుకు వచ్చేది గల్ఫ్. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుండి కువైట్, దుబాయి, సౌదీ వెళ్లినవారు సెలవుకు వచ్చేటప్పుడు దుప్పట్లు, సెంటు సీసాలతోపాటు ఒక నేషనల్ పానసోనిక్ సెట్టు తేవడం ఆనవాయితీ. ఊరిలోకి ఆ సెట్టు వస్తే వాడకట్టంతా ఆ ఇంటి అరుగు మీదనే కూర్చునేది.

కేసెట్ల ధర తగ్గింది మాత్రం మన దేశంలోనే. 1983లో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ కంపెనీని స్థాపించి, తక్కువ ధరకు కేసెట్లు అమ్మాడు. ఆ మార్పును పీటర్ మాన్యుయెల్ అనే అమెరికా సంగీత పరిశోధకుడు 1993లో పుస్తకంగా రాశాడు. అంతవరకు పాట రికార్డు చేయాలంటే పెద్ద కంపెనీలే దిక్కు. కేసెట్టు వచ్చాక చిన్న ఊళ్లవారు కూడా తమ భాషలో, తమ బాణీలో పాడి పంచుకోగలిగారని ఆయన ఉత్తర భారతదేశాన్ని చూసి రాసిన మాట. మన సంఘాలలో జరిగింది కూడా అదే. ఉజ్జీవ కూటాలలో దైవజనులు ఇచ్చిన వర్తమానాలు, స్త్రీల సమాజం పాడిన పాటలు, క్రిస్మస్ కేరల్స్, పెళ్లిళ్లలో పెద్దలు చేసిన ప్రార్థనలు అన్నీ ఆ పెట్టె మీద ఎర్ర బొత్తాము నొక్కి పట్టినవే.

రేడియో వైపూ చెప్పుకోవాలి. సీషెల్స్ దీవుల నుండి ఫెబా రేడియో 1970 నుండి 2003 వరకు శార్ట్‌వేవ్‌లో ప్రసారాలు చేసింది. వాటిలో తెలుగు కూడా ఉండేది. సముద్రపు హోరు వంటి శబ్దం మధ్య తెలుగు పాట వినబడగానే ముల్లు కదలకుండా పట్టుకొని కూర్చున్న సాయంకాలాలు మన పెద్దవారికి గుర్తుండే ఉంటాయి.

తుక్కుగూడకు ఎందుకు చేరుతున్నాయి?

శ్రీశైలం రోడ్డు మీద ఉన్న మా ఊరు ఒకప్పుడు పొలాల మధ్య పల్లె. 2008 మార్చిలో పక్కనే శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఆ తరువాత బయటి రింగురోడ్డు వచ్చింది. 2018లో ఊరు మునిసిపాలిటీ అయింది. భూముల ధరలు పెరిగాయి. పెంకుటిళ్లు పడగొట్టి స్లాబు ఇళ్లు కట్టుకున్నారు. ఇల్లు పడగొట్టే రోజున అటక దిగివచ్చిన సామానంతా వాకిట్లో కుప్పపడుతుంది. కొత్త ఇంట్లో దానికి చోటుండదు. పాత ఇనుప సామాను కొనేవాడి బండి రానే వస్తుంది. ఇత్తడి బిందెకు బేరమాడినవారు టేపురికార్డరుకు ఆడరు.

మా ఊరొక్కటే కాదు, రోడ్డు వెడల్పయిన ప్రతి ఊరిలోనూ ఇదే జరుగుతున్నది. హైదరాబాదులో వెతకదలచినవారికి ఎర్రగడ్డలో ఆదివారపు సంత ఉన్నది, పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మెరాత్ బజారు ఉన్నది. విడి భాగాలకు కోఠీలోని గుజరాతీ గల్లీ పేరుపొందినది. అయితే అన్నిటికంటె ముందు వెతకవలసింది సొంత ఇల్లు, తరువాత బంధువుల ఇళ్లు. కొనడం కంటె అడగడం మేలు. చాలామంది ఉచితంగానే ఇస్తారు.

ఎంచుకొనేటప్పుడు చూడవలసినవి

మొదట బ్యాటరీల గూడు తెరవండి. పాత సెట్లకు ఆరో ఎనిమిదో పెద్ద బ్యాటరీలు పడతాయి. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టు గనుక మొత్తం 9 లేక 12 వోల్టులు. మన నెల్లూరు వైపు తడలో తయారైన నిప్పో బ్యాటరీలు వేసి మరచిపోయిన సెట్లు మాకు ఎన్నో దొరికాయి. ఏ కంపెనీ బ్యాటరీ అయినా ఏళ్ల తరబడి లోపలే ఉంటే కారి, స్ప్రింగులను తినేస్తుంది. పచ్చగానో తెల్లగానో పొక్కు కట్టి ఉంటుంది. మామూలు బ్యాటరీ కారితే అది ఆమ్లం. వంట సోడా నీటిలో ముంచిన గుడ్డతో తుడవాలి. ఆల్కలైన్ బ్యాటరీ కారితే అది క్షారం. నిమ్మరసమో వెనిగరో వాడాలి. ఆ తరువాత తడి లేకుండా ఆరబెట్టాలి.

రెండవది, వెనుక రాసివున్న వోల్టేజి చదవండి. మన కరెంటు 230 వోల్టులు. జపానులో వాడుక కోసం చేసిన సెట్టుకు 100 వోల్టులు, అమెరికా సెట్టుకు 120 వోల్టులు చాలు. దానిని మన గోడ ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మరు నిమిషాలలో కాలిపోతుంది. కొన్ని సెట్లకు వెనుక 110, 220 అని మార్చుకొనే మీట ఉంటుంది. అది 220 వైపు ఉన్నదో లేదో చూసుకోవాలి.

మూడవది, ఎఫ్.ఎం. ముల్లు. జపాను లోపల అమ్మిన పాత సెట్లలో ఎఫ్.ఎం. 76 నుండి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది. హైదరాబాదు రెయిన్‌బో 101.9 మీద, వివిధ భారతి 102.8 మీద ఉన్నాయి గనుక ఆ సెట్టులో అవి దొరకవు. సెట్టు పాడైందని అనుకొని విప్పదీయనక్కరలేదు. దాని కట్టుబడే అంత.

పని మొదలుపెట్టే పద్ధతి

ముందుగా ఒక హెచ్చరిక. కరెంటుతో పని గనుక పిల్లలు ఒంటరిగా విప్పకూడదు. పెద్దవారు పక్కన ఉండాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచివుంటుంది. కనుక కాసేపు ఆగి చేయి పెట్టాలి. మొదటి పరీక్ష ఎప్పుడూ బ్యాటరీల మీదనే చేయండి. గోడ కరెంటు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు బోర్డు ద్వారా ఇవ్వండి. సెట్టులో షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు కాలకుండా తప్పించుకుంటుంది.

రేడియో పలుకుతూ కేసెట్టు మాత్రం తిరగకపోతే సంతోషించండి. లోపం చిన్నదే. లోపలి రబ్బరు బెల్టు పాడై ఉంటుంది. ముప్పై, నలభై ఏళ్లకు ఆ రబ్బరు సాగిపోతుంది, లేదా కరిగి తారులాగ చక్రాలకు అంటుకుంటుంది. ఆ మడ్డిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో ఓపికగా తుడవాలి. చేతికి అంటితే సులభంగా పోదు గనుక పాత బట్టలు కట్టుకొని కూర్చోండి. కొత్త బెల్టు కొలత కోసం చక్రాల చుట్టూ దారం పోసి చూసి, దానికంటె కొంచెం పొట్టిదైన బెల్టు వేయాలి. మరీ బిగువైతే మోటారు మూలుగుతుంది, వదులైతే పాట ఈడుస్తుంది.

తరువాత టేపు తగిలే చోట్లన్నీ శుభ్రం చేయాలి. మెరిసే హెడ్డు, పక్కనే సన్నని ఇనుప కడ్డీ, దానిని ఒత్తే రబ్బరు చక్రం. ఈ మూడింటి మీద పాత టేపుల గోధుమరంగు పొడి పేరుకొని ఉంటుంది. ఆ పొడే పాటను మసకబారుస్తుంది, టేపును చుట్టుకుపోయేటట్లు చేస్తుంది. హెడ్డును, కడ్డీని ఆల్కహాలు దూదితో తుడవండి. రబ్బరు చక్రానికి కొంచెం సబ్బునీరు చాలు.

ఒక స్పీకరు పలికి మరొకటి పలకకపోతే స్పీకరును అనుమానించకండి. లోపల రికార్డుకూ ప్లేకూ మధ్య మారే పొడుగాటి స్విచ్చు ఒకటుంటుంది. దానికి ఎన్నో కాంటాక్టులు. అవి చిలుము పడితే శబ్దం ఆగిపోతుంది. కాంటాక్టు క్లీనరు కొట్టి, స్విచ్చును ఇరవై, ముప్పై సార్లు అటూ ఇటూ కదిపితే చాలావరకు దారికి వస్తుంది. గరగరలాడే వాల్యూమ్ బొత్తానికీ అదే వైద్యం.

చివరగా వేగం. కేసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. కొలవడానికి పరికరమేమీ అక్కరలేదు. సి-60 కేసెట్టు ఒకవైపు ముప్పై నిమిషాలు, లేదా కొద్దిగా ఎక్కువ, రావాలి. గడియారం పెట్టుకొని చూడండి. చాలా మోటార్ల వెనుక చిన్న రంధ్రంలో స్క్రూ ఉంటుంది. దానిని వెంట్రుకవాసి తిప్పితే వేగం సరిపోతుంది. టంకం పెట్టవలసిన పని వస్తే మీ మండల కేంద్రంలోని పాత రేడియో మెకానిక్‌ను వెతికి పట్టుకోండి. ఆయన దగ్గర కూర్చొని నేర్చుకోవడం మీ పిల్లలకు పెద్ద చదువు, ఆయనకు పెద్ద గౌరవం.

అసలు ధనము కేసెట్టులో ఉన్నది

మా నాయనమ్మకు చదువు రాదు. మా పెదనాయన కువైట్‌లో పనిచేసిన రోజుల్లో ఉత్తరం రాస్తే ఇంకొకరి చేత చదివించుకోవలసి వచ్చేది. అందుకని ఆయన కేసెట్టులో మాట్లాడి, సెలవుకు వచ్చేవారి చేతికిచ్చి పంపేవాడు. ఆమె అదే కేసెట్టులో బదులు చెప్పి తిరిగి పంపేది. గల్ఫ్‌కు మనుషులను పంపిన చాలా ఇళ్లలో ఇదే ఏర్పాటు. కొత్త కేసెట్టు కొనడం ఖర్చు గనుక ఉన్నదాని మీదనే మళ్లీ మళ్లీ మాట్లాడేవారు. ఆ లెక్కన ఒక ఉత్తరం వచ్చిందంటే దాని వెనుకటి ఉత్తరం చెరిగిపోయినట్టే.

కాబట్టి మాకు మిగిలింది ఒక్కటే కేసెట్టు, అందులో ఆఖరి ఉత్తరం. ఒకవైపు పెదనాయన అడుగుతున్నాడు. బర్రె ఈనిందా? బావిలో నీళ్లున్నాయా? చెల్లెలికి సంబంధం ఏమైంది? తరువాత ఒక కీర్తన ఎత్తుకొని, రెండో చరణం దగ్గర గొంతు పూడుకుపోయి ఆగాడు. రెండోవైపు నాయనమ్మ బదులు. బర్రె ఈనింది, పెయ్యదూడ, నీవు వేళకు తిను. అంతే. ఆ బదులు కువైట్ చేరలేదు. ఈలోగా పెదనాయనే ఇంటికి వచ్చాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇంట్లోని చిన్నపిల్లలు నాయనమ్మ గొంతు మొదటిసారి విన్నది మేము బాగుచేసిన సెట్టులోనే.

ఇలాంటివి ప్రతి సంఘంలో ఉన్నాయి. పాటల పుస్తకంలో మాటలుంటాయి గాని, మన పల్లెల్లో అక్షరం రాని అవ్వలు వాటిని ఏ బాణీలో పాడారో ఉండదు. అది ఏ 1985లోనో ఎవరో పట్టిన కేసెట్టులో మాత్రమే ఉండవచ్చు. ఆ కేసెట్టు చెడిపోతే ఆ బాణీ ఇక ఎవరికీ దొరకదు.

కేసెట్టును వినేముందు

బాగుచేసిన సెట్టులో ముందుగా విలువలేని కేసెట్టు వేసి గంటసేపు ఆడించండి. అది నలగకుండా బయటికి వచ్చాకనే విలువైనది వేయండి.

విలువైన కేసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. రెండింటినీ విరిచివేయండి. అప్పుడు పొరపాటున ఎర్ర బొత్తాము నొక్కినా రికార్డు కాదు. అర నిమిషంలో అయ్యే ఈ పని ఒక మనిషి గొంతును కాపాడగలదు.

టేపు చుట్ట మీద తెల్లని బూజు కనబడితే ఆడించకండి. ఆ బూజు యంత్రానికి పట్టి మిగతా కేసెట్లకు అంటుతుంది. తుడిచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బాగున్న కేసెట్టునైనా ముందు ఒకసారి చివరివరకు తిప్పి, వెనక్కు చుట్టండి. అంటుకున్న పొరలు విడిపోతాయి. వదులైన టేపును పెన్సిలుతో చుట్టే విద్య మన తరానికి ఎవరూ నేర్పనక్కరలేదు. సి-60 టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సి-90 టేపు 12, సి-120 టేపు 9 మాత్రమే. కాబట్టి సి-120 అయితే మరీ జాగ్రత్త, ముందుకు వెనక్కు పదేపదే తిప్పకండి.

పలుకుతున్నప్పుడే ప్రతి తీయాలి. సెట్టులోని ఇయర్‌ఫోను రంధ్రం నుండి తీగ ద్వారా కంప్యూటరుకు కలిపి, అడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో రికార్డు చేయవచ్చు. యవ్వనస్థుల కూడికలో ఇది చేయగల పిల్లలు ఇద్దరైనా ఉంటారు. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అనేది అప్పుడే రాసిపెట్టండి. తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడగాలి. రెండు ప్రతులు చేసి రెండు ఇళ్లలో ఉంచండి. పాత కేసెట్టును మాత్రం పారవేయకండి. ఎండ తగలని చోట, స్పీకర్లకు దూరంగా, నిలువుగా నిలబెట్టి ఉంచండి.

హద్దు తెలిసిన సరదా

ఏ సరదాకైనా హద్దు కావాలి. పిల్లల ఫీజు డబ్బుతో సెట్టు కొనకూడదు. ఒకటి బాగుపడనిదే రెండవది ఇంటికి తేకూడదు. లేకపోతే ఎదుటివారి అటకను ఖాళీ చేసి మన అటకను నింపినట్టవుతుంది. మా ఇంట్లో ఈ రెండు నియమాలు ఉన్నాయి గనుకనే ఇంటి ఇల్లాలికి కూడా ఈ పని ఇష్టమైంది. బెల్టు వేయడంలో ఆమె చేయి అందరికంటె నిదానం. బాగుపడని సెట్టు నుండి పనికివచ్చే భాగాలు తీసుకొని, మిగిలినదానిని చెత్తకుప్పలో వేయకుండా, కాల్చకుండా, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనే చోట ఇవ్వండి. 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు చెప్పేది కూడా, అవి నమోదైన రీసైక్లింగు సంస్థలకు చేరాలనే.

ప్రియ పాఠకులారా, అందరూ సెట్లు పోగుచేయాలని మేము చెప్పడం లేదు. ఈ నెలలో ఒక సాయంకాలం ఈ మూడు పనులు చేయండి. అటక మీది సెట్టును దించి బ్యాటరీలు తీసివేయండి. కేసెట్ల డబ్బా తెరచి, పైన రాసిన పేర్లు ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి. ఎవరిదైనా గొంతు ఉన్నదని తెలిస్తే ఆ కేసెట్టు రెక్కలు విరిచి వేరుగా పెట్టండి. ఇల్లు పడగొట్టే ఆలోచన ఉన్నవారైతే, తుక్కు బండి రాకముందే ఈ పని చేయండి.